బతుకమ్మ తొమ్మిది రోజులూ గొంతు నిలవాలంటే: హాయిగా, స్పష్టంగా పాడేందుకు నెల రోజుల సాధన

మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఉన్న గొంతు తొమ్మిదో రోజు, సద్దుల నాటికి ఉండదు. హనుమకొండలో మా వాడలో పాట ఎత్తుకునే ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెబుతుంది. మొదటి రోజు ఖంగుమని మోగిన గొంతు నాలుగో రోజుకు జీరబోతుంది, ఏడో రోజుకు చేతులతో సైగలు చేయాల్సి వస్తుంది. పండుగంటే అంతే, గొంతు పోతేనే బాగా ఆడినట్టు అని మనమే సర్దిచెప్పుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. మా అత్తమ్మ తర్వాత మా వాడలో పాట ఎత్తుకునే బాధ్యత నా మీద పడింది. రెండో ఏడు, ఐదో రోజు అట్ల బతుకమ్మ నాడు మూడో పాట మధ్యలో నా గొంతు ఆగిపోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది కానీ శబ్దం రావడం లేదు. గొంతు డాక్టరు సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూసి, స్వర తంత్రులు ఎర్రగా వాచి ఉన్నాయన్నారు. వారం రోజులు మాట్లాడొద్దన్నారు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు వలయంలో నోరు మూసుకుని తిరిగాను. ఆ తర్వాతే ఒక సంగీతం టీచరు దగ్గర కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రతి ఏడూ పండుగకు నెల ముందు మా వాకిట్లో ఐదారుగురం కలిసి ఈ సాధన చేస్తాం. దాన్నే ఇక్కడ రాస్తున్నాను. బతుకమ్మ పాటలకే కాదు, భజనకైనా, సినిమా పాటకైనా, కచేరీకైనా పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. సాధన అంటే గొంతును గట్టిపరచుకోవడం అని చాలామంది అనుకుంటారు. నేను నేర్చుకున్నది దానికి తలకిందులు. గొంతు మీద పడుతున్న పనిని తగ్గించడమే సాధన. పని ఊపిరి చేయాలి, నోరు చేయాలి. గొంతు ఊరికే తెరిచి ఉండాలి.

లోపల ఏం జరుగుతుంది

మెడ ముందు భాగంలో చేయి పెట్టి గుటక వేయండి. పైకి వెళ్లి కిందికి వచ్చే గట్టి భాగమే స్వరపేటిక. దాని లోపల రెండు చిన్న కండరపు మడతలు ఉంటాయి. అవే స్వర తంత్రులు. పెద్దవాళ్లలో కూడా వాటి పొడవు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూనే. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి అవి దగ్గరకు వచ్చి, విడిపోయి, మళ్లీ దగ్గరకు వస్తాయి. ఆ కదలికే శబ్దం. ఆ శబ్దాన్ని గొంతు గది, నోరు, ముక్కు కలిసి పెద్దది చేసి బయటికి పంపుతాయి.

వీటిని బతికున్న మనిషిలో, పాడుతుండగా స్పష్టంగా చూసి లోకానికి చెప్పింది ఒక పాటల మాస్టారే. మాన్యుయెల్ గార్సియా అనే ఆయన 1854లో చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, ఎండ వెలుగును లోపలికి మళ్లించి, తన గొంతును తానే చూసుకున్నాడు. ఈనాటి గొంతు డాక్టర్ల పరీక్షకు దారి పడింది అక్కడే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఐదు శ్రుతిలో (హార్మోనియంలో "స" ఐదో తెల్లమెట్టు మీద పెట్టుకుని) పాడే ఆడవాళ్లకు మధ్యస్థాయి షడ్జం, అంటే మామూలు ఎత్తులోని "స", సెకనుకు సుమారు 196 కంపనాలు. అంటే ఒక్క నిమిషం ఆ స్వరం మీద నిలబడితే తంత్రులు పదకొండు వేలకు పైగా సార్లు ఒకదానికొకటి తగులుతాయి. తారస్థాయికి, అంటే పై "స" కు వెళ్తే దానికి రెట్టింపు. మెత్తగా తగిలితే చాలాసేపు తట్టుకుంటాయి. గట్టిగా కొట్టుకుంటే వాస్తాయి. వాపు మీద మళ్లీ అరిస్తే కొన్నాళ్లకు కాయలు కాస్తాయి, పలుగు పట్టిన చేతికి కాసినట్టు. మనం చేసే ప్రతి అభ్యాసమూ ఆ తాకిడిని మెత్తగా చేయడం కోసమే.

మొదటి మెట్టు: ఒంటిని వదులు చేయడం

దీనికి ఐదు నిమిషాలు చాలు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడండి. మోకాళ్లు బిగించొద్దు. భుజాలను చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలేయండి, మూడు సార్లు. మెడను ఎడమకు, కుడికి నెమ్మదిగా వాల్చండి. గుండ్రంగా గిరగిరా తిప్పొద్దు.

తర్వాత దవడ. చెవి ముందు, పళ్లు కొరికితే ఉబ్బే కండరం ఉంటుంది కదా, దాన్ని మునివేళ్లతో కిందికి రుద్దండి. రుద్దుతుంటే నోరు దానంతట అదే కొంచెం తెరుచుకోవాలి. పొద్దంతా టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అక్కడ ముట్టుకుంటే నొప్పి తెలుస్తుంది. అలాంటివాళ్లు ఇక్కడే ఇంకో రెండు నిమిషాలు ఆగాలి.

నాలుక సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతాను. బొటనవేలిని గడ్డం కింద, ఎముకకు వెనక మెత్తగా ఉండే చోట ఆనించండి. ఇప్పుడు "ఆ" అని ఒక స్వరం పాడండి. వేలి కింద గట్టిపడిందా? పడితే మీరు నాలుక మొదలుతో గొంతును నొక్కి పాడుతున్నారన్నమాట. నాలుక కొనను కింది పళ్ల వెనక ఆనించి, మళ్లీ పాడండి. వేలి కింద మెత్తగా ఉండేదాకా గొంతు తగ్గించండి. మా వదినెకు ఈ ఒక్క పరీక్షతోనే సగం సమస్య తెలిసిపోయింది. ఆమె ముప్పై ఏళ్లుగా నాలుకతో పాటను వెనక్కి లాగుతోంది.

రెండో మెట్టు: దమ్ము

మన దగ్గర "దమ్ము లేదు" అంటాం. నిజానికి చాలామందికి దమ్ము ఉంటుంది, దాన్ని పట్టి వాడటం రాదు. పాట ఎత్తుకునే ముందు భుజాలు పైకి లేచేలా పెద్ద ఊపిరి పీల్చి, మొదటి చరణంలోనే సగం ఖర్చు చేసి, చివరి మాటలను గొంతు పిసికి బయటికి తోస్తారు. గొంతు దెబ్బతినేది ఆ చివరి మాటల దగ్గరే.

మొదటి వారం ఇలా చేయండి. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. ముక్కుతో ఊపిరి పీల్చండి, మల్లెపూవు వాసన చూసినట్టు, చప్పుడు లేకుండా. పుస్తకం పైకి లేవాలి, ఛాతీ దాదాపు కదలకూడదు. ఊపిరి పీలుస్తుంటే చప్పుడు వినిపించిందంటే గొంతు అప్పుడే బిగుసుకుందని గుర్తు.

ఇప్పుడు "స్‌స్‌స్" అంటూ సన్నగా, ఒకే మందంతో గాలి వదలండి. మొదటి రోజు 12 సెకన్లు వస్తే చాలు. రెండు రోజులకు ఒక సెకను పెంచుకుంటూ వెళ్తే నెలకు 25 దాటుతుంది. లెక్క పెంచడం కోసం చివర్లో ఒళ్లు బిగించొద్దు. "స్" శబ్దం వణికిన చోటే ఆపేయండి, అదే ఆ రోజు మీ హద్దు.

మూడు నాలుగు రోజుల తర్వాత ఇదే నిలబడి చేయండి. నిలబడినప్పుడు రెండు చేతులూ కింది పక్కటెముకల మీద పెట్టుకోండి. ఊపిరి పీల్చినప్పుడు అవి పక్కలకు తెరుచుకోవాలి. పాడుతున్నప్పుడు వెంటనే మూసుకుపోకుండా, నెమ్మదిగా, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా లోపలికి రావాలి. కిటుకంతా ఇదే. పొట్టను లోపలికి గట్టిగా నొక్కి పాడమని కొందరు చెబుతారు. అలా నొక్కితే గాలి ఒక్కసారిగా తంత్రుల మీదికి వెళ్తుంది, వాటిని ఆపడానికి గొంతు మరింత బిగుసుకుంటుంది. నా అనుభవంలో ఆ సలహా మేలు కంటే కీడే ఎక్కువ చేసింది.

బతుకమ్మ ఆడేవాళ్లకు ఇంకో మాట. మనం నిలబడి పాడం, వంగి చప్పట్లు కొడుతూ, లేస్తూ, అడుగేస్తూ పాడతాం. వంగినప్పుడు పొట్ట నొక్కుకుని గాలి బయటికి పోతుంది. కాబట్టి మాటలు వంగేటప్పుడు, ఊపిరి లేచేటప్పుడు. దీన్ని పాట లేకుండా, ఉత్త "స్‌స్" తోనే వాకిట్లో పది చుట్లు తిరిగి అలవాటు చేసుకోండి. రెండు రోజుల్లో ఒంటికి పట్టేస్తుంది, ఆ తర్వాత గుర్తు పెట్టుకోవాల్సిన పని ఉండదు.

మూడో మెట్టు: స్ట్రా

ఈ మార్గదర్శిలో ఒక్క అభ్యాసమే చేయగలం అంటే ఇదే చేయమంటాను.

కూల్‌డ్రింక్ తాగే మామూలు స్ట్రా ఒకటి, గ్లాసులో సగం దాకా నీళ్లు. స్ట్రా కొన నీళ్లలో ఒక వేలి మందం లోతున మునగాలి, అంతకు మించి వద్దు. పెదాలతో స్ట్రాను పట్టి "ఊ" అనండి, ఊదడం కాదు, శబ్దం చేయాలి. బుడగలు వస్తాయి. ఆ బుడగలు ఒకే వేగంతో, ఒకే పరిమాణంలో వస్తుంటే ఊపిరి సమంగా ఉన్నట్టు. ఒకసారి బుడబుడమని, ఒకసారి ఆగి ఆగి వస్తే ఊపిరి ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. మధ్యలో ముక్కు మూసి చూడండి. శబ్దం మారిందంటే గాలి ముక్కులోంచి తప్పించుకుంటోంది, దాన్ని సరిచేసుకోవాలి.

మొదట మాట్లాడే స్థాయిలో ఒకే స్వరం, ఐదారు సార్లు. తర్వాత కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి, అంబులెన్స్ సైరన్ లాగా కానీ చాలా మెల్లగా. పైకి వెళ్లేటప్పుడు ఒక చోట గొంతు విరిగినట్టు, అకస్మాత్తుగా సన్నబడినట్టు అవుతుంది. ఆడవాళ్లలో నిండు గొంతు నుంచి సన్న గొంతుకు మారే చోటు అది. అక్కడ బలం పెట్టొద్దు. విరిగితే విరగనివ్వండి. బుడగలు మాత్రం ఆగకుండా చూసుకోండి. సాధన చేస్తూ పోతే ఆ అతుకు నెమ్మదిగా తగ్గుతుంది. చివరగా మీకు నచ్చిన పాట ఒకటి మాటలు లేకుండా స్ట్రాలోనే పాడేయండి. మొత్తం ఐదు నిమిషాలు.

ఇది ఎందుకు పని చేస్తుందంటే, సన్నని గొట్టంలోంచి గాలి తేలిగ్గా పోలేదు కాబట్టి కొంత ఒత్తిడి వెనక్కి తిరిగి తంత్రుల పైన నిలుస్తుంది. కింది నుంచి ఊపిరి, పైనుంచి ఈ ఒత్తిడి, మధ్యలో తంత్రులు నలగకుండా, ఒకదానికొకటి మెత్తగా తగులుతూ కదులుతాయి. అమెరికా స్వర శాస్త్రవేత్త ఇంగో టిట్జె ఈ స్ట్రా పద్ధతి వెనక ఉన్న శాస్త్రాన్ని వివరించి దీన్ని ప్రపంచమంతటా అలవాటు చేశాడు. గొంతు డాక్టర్ల దగ్గర పనిచేసే స్పీచ్ థెరపిస్టులు కూడా నేర్పుతారు.

పోయిన ఏడు మా ఎదురింటి చిన్నమ్మ స్టీలు గ్లాసు, స్ట్రా పట్టుకుని అరుగు మీద కూర్చుంది. మొదట ఒప్పుకోలేదు, చిన్నపిల్లల ఆటలాగా ఉందంది. నాలుగో రోజు సైరన్ లాగా పైకి జారి, ఆమె ఎన్నడూ వెళ్లని చోటికి వెళ్లి, అక్కడే ఒక క్షణం నిలిచింది. గ్లాసు కింద పెట్టి నన్ను చూసి, "ఇది నా గొంతేనా బిడ్డా? గట్టిగ అరిస్తెనే పాట అనుకున్న గదనె ఇన్నేండ్లు" అంది. ఆమెకు అరవై దాటాయి.

స్ట్రా దొరకని చోట పెదాల బుర్రు. చిన్నపిల్లలు బండి నడుపుతూ "బుర్‌ర్‌ర్" అంటారే, అదే. పెదాలు కొట్టుకోకపోతే రెండు బుగ్గలనూ వేళ్లతో కొంచెం పైకి ఎత్తి పట్టుకోండి. బస్సు దిగి నేరుగా పాటలోకి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఇది రెండు నిమిషాలు చేసినా మేలే.

నాలుగో మెట్టు: మూసిన నోటితో, తర్వాత తెరిచిన నోటితో

పెదాలు కలిపి, పళ్లు విడిగా ఉంచి "మ్‌మ్‌మ్" అనండి. పెదాల మీద, ముక్కు పక్కన చిన్న గిలిగింత తెలియాలి. గిలిగింత గొంతులో ఉంటే స్వరం కొంచెం పెంచి, ముందుకు తేవడానికి ప్రయత్నించండి. ఆ గిలిగింత పోకుండానే నోరు తెరుస్తూ "మ్‌మ్‌మా", "మ్‌మ్‌మే", "మ్‌మ్‌మీ", "మ్‌మ్‌మో", "మ్‌మ్‌మూ". నోరు తెరిచిన క్షణంలో శబ్దం వెనక్కి పడిపోతే మళ్లీ మూసి మొదలుపెట్టండి. అద్దం ముందు చేస్తే "ఆ" కోసం దవడ కిందికి జారుతోందా, లేక పెదాలు పక్కలకు లాగుతున్నారా అన్నది తెలుస్తుంది. కిందికి జారాలి.

స్పష్టత కోసం ఇంకొకటి ఉంది. పొద్దున్నే వీధుల్లోకి వచ్చే కూరగాయల వాళ్ల కేక వినండి. మైకు లేకుండా నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. వాళ్లు గొంతు పెంచడం లేదు, శబ్దాన్ని పదునుగా, ముక్కు ముందుకు పెడుతున్నారు. "న్యా, న్యా, న్యా" అని, ఎవరినో వెక్కిరిస్తున్నట్టు, చిన్న గొంతుతో ఐదు స్వరాలు పైకి, ఐదు కిందికి వెళ్లి రండి. వినడానికి బాగుండదు, అయినా చేయండి. ఆ పదునులో పావు వంతు పాటలో కలిస్తే చాలు, వలయం అవతలి వాళ్లకు మాటలు తెలుస్తాయి.

ఐదో మెట్టు: శ్రుతి ఎంచుకోవడం

ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగాలి. మన పాటల్లో గొంతు పోవడానికి పెద్ద కారణం పాట కష్టమైనది కావడం కాదు, ఎత్తుకునే చోటు. నేను పాడే బతుకమ్మ పాటలు ఎక్కువగా ఐదారు స్వరాల లోపే తిరుగుతాయి. అయినా జనం, హుషారు చూసి మొదటి మాటే మీది నుంచి అందుకుంటాం. ఆ తర్వాత ముప్పావు గంట ఆ ఎత్తు మీదే వేలాడాలి. వెనక పాడే పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు కూడా అందదు.

ఫోన్లో తంబురా యాప్ ఒకటి పెట్టుకోండి. సాధారణంగా ఆడవాళ్లకు ఐదు నుంచి ఆరున్నర మధ్య, మగవాళ్లకు ఒకటి నుంచి రెండు మధ్య శ్రుతి కుదురుతుంది. అది ఆరంభం మాత్రమే, మీ గొంతే తేల్చాలి. పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే ముక్క ఏదో కనుక్కోండి. ముందు ఆ ముక్కనే పాడండి. గడ్డం పైకి లేస్తోందా? కనుబొమలు ఎగురుతున్నాయా? మెడ నరాలు తేలుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి జరిగినా అర శ్రుతి దించండి. మళ్లీ పాడండి. పక్కనున్న మనిషితో మాట్లాడినంత తేలిగ్గా ఆ ముక్క వచ్చేదాకా దించండి. తర్వాత పాటలో అన్నిటికంటే కింది ముక్క వినిపిస్తోందో లేదో చూడండి. రెండూ కుదిరిన చోటు మీ శ్రుతి. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. పండుగ రోజు బయలుదేరే ముందు ఆ షడ్జాన్ని చెవిలో నింపుకుని వెళ్లండి.

శ్రుతి దొరికాక "స ప స" అకారంలో ("ఆ" అంటూ), ప్రతి స్వరం మీదా నిదానంగా నిలబడటం అలవాటు చేసుకోండి. తెల్లవారుజామున లేచేవాళ్లు మంద్రస్థాయిలో, కిందికి దిగుతూ, చాలా చిన్న గొంతుతో పది నిమిషాలు చేస్తే రోజంతా గొంతు నిండుగా ఉంటుంది. కింది స్వరాలను నొక్కి బయటికి తేవొద్దు, అందినంతే అందుకోవాలి.

సరళీ వరుసలు తెలిసినవాళ్లు మాయామాళవగౌళలో మొదటి మూడు వరుసలు ముందు స్వరాలతో, తర్వాత అకారంలో పాడుకోండి. జంట వరుసల్లో ఒక జాగ్రత్త. "సస రిరి" అన్నప్పుడు రెండో స్వరానికి ఒత్తు గొంతు నుంచి ఇస్తే "హుక్" మన్నట్టు కొట్టుకుంటుంది. ఆ ఒత్తు పక్కటెముకల దగ్గర చిన్న కదలికగా రావాలి. సంగీతం నేర్చుకోనివాళ్లు ఇది వదిలేసినా నష్టం లేదు.

ఆరో మెట్టు: ఉయ్యాలో

మన పాటలోనే మంచి అభ్యాసం ఉంది. "ఉయ్యాలో" అన్న మాటను నెమ్మదిగా అని చూడండి. "ఉ" దగ్గర పెదాలు ముందుకొచ్చి గొంతు దానంతట అది వదులవుతుంది. "య్యా" దగ్గర దవడ జారి నోరు తెరుచుకుంటుంది. "లో" దగ్గర నాలుక కదిలి, పెదాలు మళ్లీ గుండ్రమవుతాయి. మూసి, తెరిచి, మూయడం. శ్రుతి పెట్టుకుని షడ్జం మీద ఒకసారి, రిషభం (రి) మీద ఒకసారి, అలా పంచమం (ప) దాకా వెళ్లి తిరిగి రండి. "య్యా" దగ్గర శబ్దం ఒక్కసారిగా పెరగకూడదు, "ఉ" లో ఉన్న మెత్తదనమే కొనసాగాలి. చివరి "లో" ను విడిచేటప్పుడు తుంచేయకుండా, ఊపిరి ఇంకా కొంచెం మిగిలి ఉండగానే సన్నగా ఆపండి. మూడో వారం నుంచి అదే "లో" మీద చిన్నగా మొదలై, పెరిగి, మళ్లీ చిన్నగా ముగిసేలా చేయండి. పెంచేటప్పుడు గడ్డం కింది వేలి పరీక్ష మర్చిపోవద్దు.

పాట ఎత్తుకునే మనిషికి ఈ మాట విశ్రాంతి కూడా. మీరు ఒక వరుస పాడాక వెనక అందరూ "ఉయ్యాలో" అంటారు. ఆ సమయంలో వాళ్లతో కలిసి పాడకండి. ఊపిరి పీల్చండి, గుటక వేయండి, దవడ వదలండి. నేను మునుపు రెండూ పాడేదాన్ని, ఎత్తుకునేదాన్ని కాబట్టి అందరికంటే ఎక్కువ వినిపించాలని. ఆ ఒక్క అలవాటు మానేసరికి గొంతు పని దాదాపు సగమైంది.

నెల రోజులు ఎలా పంచుకోవాలి

మొదటి వారం వదులు చేయడం, దమ్ము, స్ట్రా మాత్రమే, రోజుకు 15 నిమిషాలు. స్ట్రాలో తప్ప పాట వద్దు. రెండో వారం మూసిన నోరు, అచ్చులు కలపండి, 20 నిమిషాలు. మూడో వారం శ్రుతి ఎంచుకుని "ఉయ్యాలో" మొదలుపెట్టండి. నాలుగో వారం అసలు పాటలు, రోజుకు రెండు మూడు, అడుగేస్తూ. ఒకేసారి గంట చేసేకంటే పొద్దున పది, సాయంత్రం పది నిమిషాలు మేలు. నెలసరి రోజుల్లో కొందరికి తంత్రులు కొంచెం ఉబ్బి గొంతు బరువుగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో స్ట్రా చాలు.

ఆ తొమ్మిది రోజుల్లో

వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు, పద్మాక్షమ్మ గుట్ట దగ్గర సద్దుల నాడు జనం ఎంత ఉంటారో మనకు తెలుసు. పక్కనే డీజే బాక్సులు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే రాశాడు. తెలియకుండా జరిగేది కాబట్టి "గట్టిగా పాడను" అని అనుకుంటే సరిపోదు, ఏర్పాటు చేసుకోవాలి. ఒక చెవిని వేలితో మూసుకుంటే మీ గొంతు మీకు వినిపిస్తుంది, పెంచాల్సిన పని తగ్గుతుంది. వలయం చిన్నదిగా చేయండి. ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి ఎత్తుకోండి. మైకు ఉంటే పెదాలకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని మామూలు గొంతుతో పాడండి, పని మైకును చేయనివ్వండి. డీజే పక్కన పాడటానికి మాత్రం ఏ సాధనా సరిపోదు. అక్కడి నుంచి జరగడం ఒక్కటే దారి.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ పేర్చం, ఆడం. గొంతుకు ఇంతకంటే మంచి సెలవు దొరకదు. ఆ రోజు ఫోన్లు కూడా తగ్గించండి. గుసగుసలు కూడా వద్దు, చాలామంది గుసగుసలాడేటప్పుడు గొంతును ఇంకా బిగిస్తారు.

నీళ్లు పొద్దుటి నుంచే తాగుతూ ఉండాలి. తాగిన నీళ్లు తంత్రులను తాకవు, తాకితే పొలమారుతుంది. ఒంట్లో కలిసి, అక్కడి నుంచి గొంతుకు తడి చేరాలి, అందుకు టైమ్ పడుతుంది. పాట మధ్యలో గటగటా తాగితే నోరు తడుస్తుంది, అంతే. ఆవిరి మాత్రం నేరుగా చేరుతుంది. బామ్‌లు కలపకుండా ఉత్త వేడినీళ్ల ఆవిరి, ముఖం కాలకుండా దూరంగా పెట్టుకుని, రాత్రి ఐదు నిమిషాలు. మిరియాలు, శొంఠి, అతిమధురం, బుగ్గన కరక్కాయ గొంతుకు హాయినిస్తాయి, వాచిన తంత్రులను నయం మాత్రం చేయవు. మన కారం మనం మానలేం కానీ, రాత్రి పది దాటాక కారంగా తిని వెంటనే పడుకుంటే పుల్లటి రసం పైకి ఎగదన్ని గొంతును కాలుస్తుంది. తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి.

"ఖ్‌ఖ్" అని గొంతు సవరించుకునే అలవాటు ఉంటే మానండి, అది తంత్రులను ఒకదానికొకటి గట్టిగా కొడుతుంది. బదులుగా గుటక వేయండి, లేదా "మ్‌మ్" అనండి. నొప్పి మాత్ర వేసుకుని పాడకండి. నొప్పి ఆగమని చెప్పే మాట, దాన్ని నొక్కేస్తే దెబ్బ తగిలినా తెలియదు.

పాడుతుండగా ఒక్కసారిగా గొంతు పోతే ఆ క్షణమే ఆపేసి డాక్టరును కలవండి. బొంగురు మూడు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, దగ్గులో రక్తం కనిపించినా గొంతు డాక్టరుకు చూపించుకోవాల్సిందే. పొగ, గుట్కా, తంబాకు అలవాటున్నవాళ్లు అంతదాకా కూడా ఆగొద్దు. బడిలో పాఠాలు చెప్పే టీచర్లకు కూడా ఇవే గుర్తులు.

సద్దుల మరుసటి పొద్దున

చివరి పాట అయ్యాక, మలీద ప్రసాదం పంచుకునే ముందు, రెండు నిమిషాలు పెదాల బుర్రుతో పై నుంచి కిందికి మెల్లగా దిగండి. పరుగెత్తినవాడు ఒక్కసారిగా కూలబడకుండా నాలుగడుగులు నడిచినట్టు.

మరుసటి పొద్దున లేవగానే ఒక పరీక్ష. మీ తారస్థాయి షడ్జాన్ని "ఊ" తో, పక్కగదిలో పడుకున్నవాళ్లు లేవనంత చిన్నగా పాడండి. వాచిన తంత్రులు గట్టిగా పాడినప్పుడు దొరకవు, ఇలా పైన, చిన్నగా పాడినప్పుడే దొరికిపోతాయి. స్వరం వెంటనే, గాలి కలవకుండా మొదలైతే గొంతు బాగుంది. ముందు గాలి వచ్చి తర్వాత శబ్దం వచ్చినా, మధ్యలో తెగినా కొంచెం వాపు ఉంది. అలా ఉంటే దసరా దాకా స్ట్రా తప్ప పాట వద్దు, మాట కూడా వీలైనంత తక్కువ. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడితే పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారు.